అప్పు తీరినా కాగితం తీరదు: మన రుణపత్రాల కథ



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు ఈ నివేదికలో వేరే పేజీల్లో ఉన్నాయి. మేము రాసేది ఆ లెక్కల వెనకాల ఉండే కాగితాల గురించి. ఎందుకు రాయాల్సి వచ్చిందో ముందు చెబుతాం.

ఒకసారి మా సంఘం లింకేజీ ఫైలు బ్యాంకు నుంచి తిరిగొచ్చింది. కారణాలు మూడు. ఒక సభ్యురాలికి ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకు పుస్తకంలో అత్తింటి ఇంటిపేరు ఉంది. తీర్మానంలో అప్పు మొత్తం అంకెల్లో ఒకటి, అక్షరాల్లో ఇంకొకటి రాశాం. ఇంకోచోట అంకె కొట్టేసి పైన దిద్దాం గానీ పక్కన సంతకాలు పెట్టలేదు. చూస్తే అన్నీ చిన్న తప్పులే. సరిచేసి మళ్లీ ఇచ్చి డబ్బు చేతికొచ్చేసరికి మూడు వారాలు పట్టింది. అది మిరప నాట్లేసే టైము. నారు మన కోసం ఆగదు కదా. మాలో ఇద్దరు ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి నోటు రాసి డబ్బు తెచ్చుకున్నారు. తప్పు అందరం చేశాం, వడ్డీ మాత్రం వాళ్లిద్దరే కట్టారు.

అప్పటి నుంచి ఈ కాగితాలు ఎక్కడి నుంచి వచ్చాయి, వీటికి ఇన్ని నియమాలు ఎందుకు అని అడిగి తెలుసుకోవటం మొదలుపెట్టాం. తెలిసింది ఇక్కడ రాస్తున్నాం.

నోటు, తనఖా

మన పెద్దవాళ్లకు అప్పంటే మాట. తర్వాత ఆ మాట కాగితం మీదకొచ్చింది. అప్పట్లో మన ప్రాంతం మద్రాసు రాజధానిలో ఉండేది. 1872లో కాంట్రాక్టు చట్టం, 1881లో ప్రామిసరీ నోట్ల చట్టం, 1882లో ఆస్తి బదిలీ చట్టం వచ్చాయి. ఊళ్లో నోటు రాసినా, బంగారం తాకట్టు పెట్టినా, పొలం తనఖా పెట్టినా ఈనాటికీ ఆ చట్టాలే ఆధారం.

నోటు సంగతి మనందరికీ తెలుసు. రెవెన్యూ స్టాంపు లేని నోటు కోర్టులో చెల్లదు. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటుకు గడువు మూడేళ్లు. గడువు లోపల కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాసి, కింద మనం సంతకం పెడితే ఆ రోజు నుంచి మూడేళ్లు మళ్లీ మొదలవుతుంది. చెల్లు రాయించుకోవటం మన మంచికే. రాయకపోతే కట్టిన డబ్బుకు సాక్ష్యం ఉండదు. కానీ ఎంత కట్టామో, ఏ తేదీన కట్టామో చూసుకున్నాకే సంతకం పెట్టాలి.

పొలం, ఇల్లు తనఖా పెట్టటానికి ఇంకా గట్టి నియమం ఉంది. 1882 చట్టం ప్రకారం వంద రూపాయలు, ఆ పైన అప్పుకు తనఖా దస్తావేజు రిజిస్టరు కావాలి, ఇద్దరు సాక్షులు సంతకం చెయ్యాలి. అప్పట్లో వంద రూపాయలంటే చాలా పెద్ద డబ్బు. ఆ అంకె ఇప్పటికీ అలాగే ఉంది. పత్రాలు బ్యాంకులో ఉంచి అప్పు తెచ్చుకునే టైటిల్ డిపాజిట్ పద్ధతి మొదట మద్రాసు, కలకత్తా, బొంబాయి లాంటి పెద్ద పట్నాలకే ఉండేది. తర్వాత ప్రభుత్వాలు ప్రకటించిన మిగతా ఊళ్లకు వచ్చింది.

దస్తావేజు ఎందుకు తిరిగొస్తుంది

మన దేశంలో రిజిస్ట్రేషన్ చట్టం మొదట 1864లో వచ్చింది. ఇప్పుడు నడిచేది 1908 నాటి చట్టం. దస్తావేజు ఎప్పుడు తీసుకోకూడదో అందులో అప్పుడే రాసి పెట్టారు. కొట్టివేతలు, దిద్దుబాట్లు, ఖాళీలు ఉండి, వాటి పక్కన రాసిచ్చినవాళ్ల సంతకం లేకపోతే సబ్ రిజిస్ట్రారు ఆ దస్తావేజు తీసుకోనని చెప్పవచ్చు. ఆస్తిని గుర్తుపట్టే వివరాలు, హద్దులు సరిగ్గా లేకపోయినా తీసుకోరు. మా తీర్మానం తిరిగొచ్చింది కూడా దిద్దుబాటు దగ్గర సంతకం లేకే. వందేళ్లు దాటిన నియమం అని మాకు తెలియక బ్యాంకువాళ్లు కావాలని తిప్పుతున్నారనుకున్నాం. తెలిశాక కోపం తగ్గింది.

మనకు పనికొచ్చే సంగతులు కూడా ఆ చట్టంలో ఉన్నాయి. దస్తావేజు రాసిన నాలుగు నెలల్లో రిజిస్ట్రేషనుకు ఇవ్వాలి. తప్పనిసరై ఆలస్యమైతే జరిమానా కట్టి ఇంకో నాలుగు నెలల దాకా ఇవ్వవచ్చు. రిజిస్టరు చెయ్యమని అంటే కారణం పుస్తకంలో రాయాలి, అడిగితే ఆ కారణం నకలు డబ్బు తీసుకోకుండా ఇవ్వాలి. దాని మీద ముప్పై రోజుల్లో జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకోవచ్చు. కాబట్టి నోటిమాటగా "కుదరదమ్మా" అంటే తిరిగొచ్చెయ్యకూడదు. "కారణం రాసివ్వండి సార్" అని అడగాలి.

పాసు పుస్తకం నుంచి కంప్యూటరు దాకా

పాత బాకీలు తీర్చుకోవటానికి, బావులు తవ్వుకోవటానికి రైతులకు దీర్ఘకాలం అప్పులిచ్చే భూమి తనఖా బ్యాంకులు మద్రాసు రాష్ట్రంలో వచ్చాయి. 1929లో మద్రాసులో వాటికి కేంద్ర బ్యాంకు పెట్టారు, 1934లో చట్టం చేశారు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. నీళ్లొచ్చిన పొలానికి విలువ పెరిగింది, దాని మీద అప్పు కూడా పెరిగింది. 1971 చట్టంతో పట్టాదారు పాసు పుస్తకం వచ్చింది. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. ఈసీ తీసుకోవటం సులువైంది. ఆస్తి మీద ఏ తనఖా ఉందో దాంట్లో కనబడుతుంది.

సులువుతో పాటు ఒక చిక్కు వచ్చింది. సర్వే నంబరులో ఒక్క అంకె తప్పు పడితే మన తనఖా ఇంకొకరి పొలం మీద కనబడుతుంది. ఇంకొకటి, అప్పు కట్టేసినంత మాత్రాన తనఖా దానంతట అది ఈసీలోంచి పోదు. విడుదల పత్రం రాయించి రిజిస్టరు చేయించుకోవాలి. అప్పుడే అది తీరినట్టు కనబడుతుంది. ఆటో, ట్రాక్టరు కూడా అంతే. వాయిదాలన్నీ కట్టాక ఫైనాన్సువాళ్ల దగ్గర పత్రం, ఫారం 35 తీసుకుని ఆర్టీఓ ఆఫీసులో ఇవ్వాలి. అప్పుడే ఆర్సీలో హైపోథికేషన్ తీసేస్తారు. అమ్ముకునేటప్పుడో కొత్త అప్పుకు పోయినప్పుడో ఇది బయటపడితే మళ్లీ తిరగాల్సింది మనమే.

ఇంటి అప్పు లాంటి వ్యక్తిగత అప్పులకు రిజర్వు బ్యాంకు 2023లో మంచి నియమం పెట్టింది. అప్పు పూర్తిగా తీరిన ముప్పై రోజుల్లో అసలు పత్రాలు తిరిగివ్వాలి, నమోదైన భారం తీయించాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు ₹5,000 చొప్పున పరిహారం ఇవ్వాలి. 2023 డిసెంబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది.

తాకట్టు లేని అప్పు

ఇంత చరిత్రలో తాకట్టు పెట్టటానికి ఏమీ లేని ఆడవాళ్లకు చోటు లేదు. పొలం మన పేరున లేదు, ఇల్లు లేదు. ఉన్న పుస్తెలతాడు తాకట్టు కొట్లో. ఈ పరిస్థితి 1982లో మొదలైన డ్వాక్రాతో, 1992లో నాబార్డు మొదలుపెట్టిన సంఘాల బ్యాంకు లింకేజీతో మారింది. పొలం కాగితం బదులు పది మంది ఒకరికొకరు పూచీ పడటమే హామీ అయింది. వెలుగు వచ్చాక గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు బలపడ్డాయి. 2011లో స్త్రీనిధి వచ్చింది.

మధ్యలో 2010 కూడా మర్చిపోకూడదు. మైక్రోఫైనాన్సు కంపెనీల ఒత్తిడికి ఎన్నో కుటుంబాలు చితికిపోయిన ఏడాది అది. ఆ అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, ఆ కంపెనీలు అప్పు తీసుకునేవాళ్ల దగ్గర ఏ తాకట్టూ అడగకూడదని చెప్పింది.

ఇప్పుడు మనకున్న నియమం ఇది. సంఘానికి పది లక్షల దాకా ఇచ్చే అప్పుకు తాకట్టు అడగకూడదు, సంఘం పొదుపు ఖాతా మీద లీన్ పెట్టకూడదు. 2021లో రిజర్వు బ్యాంకు ఇరవై లక్షల దాకా ఇచ్చే అప్పులకూ ఇదే చెప్పింది. లీన్ అంటే డబ్బు మనదే, ఖాతాలో కనబడుతుంది, తియ్యబోతే మాత్రం రాదు. ఎక్కడైనా అలా జరిగితే గ్రామ సంఘంలో తీర్మానం రాసి, సీసీ ద్వారా ఏపీఎం గారికి ఇవ్వండి. బ్యాంకు మేనేజరు గారికి కూడా రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి.

మేము పెట్టుకున్న పద్ధతి

తాకట్టు లేదు కాబట్టి మన తీర్మానం, ఇంటర్సే అగ్రిమెంటు, మినిట్స్ పుస్తకమే మన దస్తావేజులు. ఫైలు తిరిగొచ్చాక మా సంఘంలో ఇవి పాటిస్తున్నాం.

1. సంతకాలకు ముందు కాగితం మొత్తం గట్టిగా చదివి వినిపించాలి. చదువు రాని అక్క కూడా "అర్థమైంది" అన్నాకే వేలిముద్ర.
2. పేరు, ఇంటిపేరు ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో, తీర్మానంలో ఒకేలా ఉన్నాయో లేదో ఒక నెల ముందే చూసుకోవాలి.
3. మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఒకటే ఉండాలి.
4. దిద్దుబాటు వస్తే పక్కన సంతకాలు. ఎక్కువ దిద్దుబాట్లుంటే కొత్త కాగితం.
5. ఖాళీ కాగితం మీద ఎవరు అడిగినా సంతకం పెట్టకూడదు, లీడరు అడిగినా సరే.
6. అప్పు తీరిన రోజే బాకీ లేదని పత్రం అడిగి తీసుకుని ఫైల్లో పెట్టాలి.

చదివి వినిపించటానికి ఒక గంట పడుతుంది. పొలం పనుల రోజుల్లో గంట అంటే విసుగే, కాదనం. కానీ ఆ గంట లేక మా ఇద్దరు అక్కలు ఒక పంట కాలమంతా వడ్డీ కట్టారు. ఆ వడ్డీలో మా అందరి వంతూ ఉందని ఒప్పుకుని, సంఘం అంతర్గత అప్పు నుంచి ముందు వాళ్లిద్దరికే ఇచ్చి ఆ నోట్లు తీర్పించాం. తీరిన నోట్లు రెండూ వెనక్కి తెచ్చి, సమావేశంలో అందరి ముందూ చింపేశాం. మీ సంఘాల్లో అలా చింపాల్సిన నోటు అసలు పుట్టకుండా చూసుకోండి.