అష్టగ్రహ కూటమి, అర్ధోదయ పుణ్యకాలం: ప్లవ నామ సంవత్సరపు ఒక అమావాస్య

2025 మార్చి 29, ఫాల్గుణ బహుళ అమావాస్య నాడు మీనరాశిలో షడ్గ్రహ కూటమి సంభవించినప్పుడు, మేడ్చల్, శామీర్‌పేట పరిసర గ్రామాల నుండి ఆలయానికి వచ్చిన భక్తులలో అనేకులు ఒకే ప్రశ్న అడిగారు: "పంతులుగారూ, మా రాశికి దోషమా? ఏ శాంతి చేయించాలి?" ప్రశ్న సహజమే. కానీ కూటమి అనగానే దోషమే అనే నిశ్చయం మనలో ఎలా స్థిరపడింది? దీనికి సమాధానం వెదకాలంటే 1962వ సంవత్సరానికి వెళ్ళాలి.

ప్లవ నామ సంవత్సర పుష్య మాసాంతం అది. రవి, కుజ, బుధ, గురు, శుక్ర, శని, కేతువులు మకరరాశిలో ఉండగా, ఫిబ్రవరి 3 సాయంకాలం చంద్రుడు కూడా ఆ రాశిలో ప్రవేశించాడు. 5వ తేదీ సాయంకాలం వరకు అష్టగ్రహ కూటమి నడిచింది. రాహువు ఒక్కడే ఎదుట కర్కాటకంలో మిగిలాడు. ప్రళయం తప్పదన్న ప్రచారం దేశమంతటా వ్యాపించింది. ఊరూరా యజ్ఞాలు, జపాలు, అఖండ నామసంకీర్తనలు జరిగాయి. ప్రధాని నెహ్రూ ఈ భయాన్ని పరిహసించారు. మూడు దినాలు గడిచాయి, ప్రళయం రాలేదు. అదే నెలలో సార్వత్రిక ఎన్నికలు కూడా యథావిధిగా జరిగాయి.

హేతువాదులు ఇక్కడితో కథ ముగిస్తారు. జ్యోతిషాభిమానులు అక్టోబరు 20న ప్రారంభమైన చైనా యుద్ధాన్ని చూపి "ఫలం ఆలస్యంగా వచ్చింది" అంటారు. ఈ ఇరుపక్షాలలోనూ శాస్త్రాన్ని విప్పి చూసినవారు అరుదు.

వరాహమిహిరాచార్యులు బృహత్సంహితలో గ్రహశృంగాటకమనే అధ్యాయాన్ని ఈ విషయానికే కేటాయించారు. అందులో కూటములు ఆరు విధాలు: సంవర్తం, సమాగమం, సమ్మోహం, సమాజం, సన్నిపాతం, కోశం. వీటిలో సంవర్త సమాగమాలు సమఫలదాలు. సమ్మోహ కోశాలు ప్రజలకు భయదాలు. సన్నిపాతం వైరకారకం. సమాజానికి భయం చెప్పనే లేదు. అంటే ఎన్ని గ్రహాలు చేరాయన్న లెక్క ఒక్కటే ఫలనిర్ణయానికి చాలదు. ఏవి, ఏ విధంగా చేరాయన్నది ముఖ్యం.

ఇక బలాబలాలు. మకరం శనికి స్వక్షేత్రం, కుజునికి ఉచ్చ, గురునికి నీచ. గురువు నీచలో ఉన్నాడని భయపడినవారు, రాశ్యధిపతి శని స్వక్షేత్రంలోనే ఉండి, ఉచ్చ కుజుడు కూడా తోడుగా ఉన్నందున నీచభంగం కలిగిందని ఎందుకు చెప్పలేదు? పైగా ఆనాడు గురుశుక్రులు రవికి మూడు, నాలుగు భాగలలోపే ఉన్నారు. శని, కుజులు సుమారు పదమూడు భాగల దూరంలో ఉన్నారు. సూర్యసిద్ధాంతం చెప్పిన కాలాంశలు శనికి 15, కుజునికి 17. బుధుడు కూడా వక్రగతిలో రవి సమీపంలోనే ఉన్నాడు. కనుక తారాగ్రహాలు ఐదూ అస్తంగతాలే. లోకమంతా భయపడిన ఆ కూటమి మన ఆకాశంలో కంటికి కనిపించనే లేదు. దానికి భిన్నంగా, 2020 డిసెంబరు 21 సాయంకాలం అదే మకరంలో గురు శనులు భాగలో పదవ వంతు దూరానికి వచ్చినప్పుడు పడమటి ఆకాశంలో ఒకే నక్షత్రంలా దర్శనమిచ్చారు. శామీర్‌పేట చెరువు కట్ట మీద నుండి నేను ఆ దృశ్యాన్ని కన్నులారా చూశాను. వలయ రహదారి దీపాల వెలుగు కూడా దానిని మరుగుపరచలేకపోయింది.

దేశనిర్ణయం మరొక అంశం. కూర్మవిభాగం ప్రకారం ఉత్తరాషాఢ, శ్రవణం, ధనిష్ఠ నక్షత్రాలు వాయవ్య దేశాలకు చెందుతాయి. మకరరాశి వ్యాపించేది ఈ మూడింటిలోనే. చైనా యుద్ధమో, ఈశాన్యంలోనూ ఉత్తరాన లద్దాఖ్‌లోనూ జరిగింది. సూర్యగ్రహణ ఫలానికి సంవత్సర కాలం అవధిగా చెప్పబడిందన్నది నిజమే. యుద్ధం ఆ అవధిలోనే వచ్చింది. కానీ దిక్కు కలవనప్పుడు కాలం ఒక్కటే కలిసిందని ఫలం చెప్పడం శాస్త్రం కాదు, సమర్థన. జరిగిపోయిన దానికి యోగం వెదకడం ఎవరికైనా సులభమే.

గ్రహణం ప్రసక్తి వచ్చింది గనుక: ఫిబ్రవరి 5 ఉదయం కేతుగ్రస్త సంపూర్ణ సూర్యగ్రహణం బోర్నియో, న్యూగినీ ద్వీపాల మీదుగా సాగింది. మన ప్రాంతంలో అప్పటికి సూర్యోదయమే కాలేదు. దృశ్యం కాని గ్రహణానికి స్నానజపాది నియమాలు వర్తించవని ధర్మశాస్త్రం స్పష్టంగా చెబుతుంది.

ఇప్పుడు నా మనసును ఎక్కువగా బాధించే విషయానికి వస్తాను. ఫిబ్రవరి 4 ఏ రోజు? ఆదివారం. తిథి పుష్య బహుళ అమావాస్య. గోదావరి తీరవాసులు చొల్లంగి అమావాస్య అని సాగరసంగమ స్నానం చేసే పర్వం. నక్షత్రం శ్రవణం. యోగం వ్యతీపాతం. దృగ్గణితం ప్రకారం మధ్యాహ్నం నుండి సూర్యాస్తమయం వరకు ఈ నాలుగూ కలిసే ఉన్నాయి. పుష్యంలో గాని మాఘంలో గాని పగటివేళ ఈ నాలుగూ కలిస్తే దానికి అర్ధోదయమని పేరు. కోటి సూర్యగ్రహణాలతో సమానమైన పుణ్యకాలమని ధర్మశాస్త్ర నిబంధకారులు దానిని కీర్తించారు. మనిషి జీవితంలో ఒకటి రెండుసార్లు లభించడమే అరుదు.

రవిచంద్రులు శ్రవణంలో కలవడం కూటమిలోనూ భాగమే, అర్ధోదయంలోనూ భాగమే. ఆ ఒక్క సంయోగాన్ని సంహితాభాగం పేరుతో చదివినవారు ప్రళయమన్నారు; ధర్మశాస్త్రంతో చదివితే అది స్నానదానాలకు పిలుపు. ఆనాడు స్నానం చేసినవారు, దానం చేసినవారు లేకపోలేదు. అయితే ప్రాణభయంతో చేసినవారెందరో, పర్వమని తెలిసి శ్రద్ధతో చేసినవారెందరో!

శాంతికర్మల దక్షిణతో కుటుంబం గడిచే అర్చకుణ్ణే నేనూ. అయినా 2025లో అడిగినవారికి చెప్పింది ఇదే: మీ జన్మ లగ్నం, నడుస్తున్న దశ చూడకుండా రాశి పేరుతో శాంతి చేయించవద్దు. ఆ రోజు అమావాస్య, పితృతర్పణం ముందు చేయండి. మరునాడు విశ్వావసు ఉగాది, పంచాంగ శ్రవణానికి ఆలయానికి రండి. కొందరు తర్పణం విడిచి వచ్చారు. కొందరు శాంతి చేయించే మరొకరిని వెదుక్కుంటూ వెళ్ళారు.