పడిశానికి పెరుగు: అవినాశి తెలుగిళ్ల పథ్యం

పడిశం, దగ్గు ఉన్నప్పుడు పెరుగు తినరాదన్న నియమం తెలుగువారందరికీ తెలిసినదే. ఊరు విడిచి వెళ్లినవారు వెంట తీసుకువెళ్లిన ఆచారాల్లో ఇది ఒకటి. దీనికి ఆయుర్వేదమే ఆధారమని సాధారణంగా చెబుతారు. కాని గ్రంథాలు చెప్పేది వేరు. ఆ తేడాను గమనిస్తే వలస వెళ్లిన తెలుగువారి చరిత్రలో వంటింటికి ఉన్న స్థానం తెలుస్తుంది.

అవినాశి కోయంబత్తూరునుంచి ఈరోడ్ వెళ్లే దారిలోని పాత ఊరు. సుందరమూర్తి నాయనారు కీర్తించిన శివాలయం అక్కడ ఉంది. ఒకప్పుడు కోయంబత్తూరు జిల్లాలో ఉండేది. 2009నుంచి తిరుప్పూరు జిల్లాలో చేరింది. 14వ శతాబ్దంలో కుమార కంపన దక్షిణ దండయాత్రలతో మొదలై, 1529నుంచి 1736వరకు సాగిన మధుర నాయకుల కాలంలో బలపడిన వలసల వల్ల కొంగునాడులో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. వారిలో సేద్యగాళ్లు, పశువులకాపరులు, నేతపనివారు, సైనికులు, తోలుపనివారు ఉన్నారు. కమ్మ, బలిజ, కంబళత్తు నాయకర్, దేవాంగ, అరుంధతీయ కులాల పేర్లు నేటికీ ఆ వలసలను గుర్తుచేస్తాయి. వీరిలో చాలామందికి తెలుగు ఇంటి మాట మాత్రమే. చదువు, రాత తమిళంలోనే. కనుక తాతల తెలివి వారికి అందింది పుస్తకం ద్వారా కాదు, నోటిమాట ద్వారా.

ఇక శాస్త్రం సంగతి. పెరుగు బరువైనదని, కఫాన్ని పెంచుతుందని వాగ్భటుని అష్టాంగహృదయం చెబుతుంది. ఇంతవరకు మన ఇంటి నియమానికి బలమే. కాని అదే చోట పెరుగు ఉష్ణగుణం కలదని, అరుచికి, విషమజ్వరానికి, పీనసానికి మంచిదని కూడా ఉంది. పీనసమంటే ముక్కు కారే రోగం, అంటే మన పడిశమే. చరకసంహితలోనూ పెరుగు మేలుచేసే రోగాల్లో పీనసం ఉంది. ఈ గ్రంథాల నిషేధాలు వేరే విధమైనవి: రాత్రి తినరాదు, వేడిచేసి తినరాదు, సరిగా తోడుకోనిది తినరాదు, నెయ్యి, పెసరకట్టు, తేనె, ఉసిరి వంటివి కలపకుండా తినరాదు. వసంతం, గ్రీష్మం, శరత్తులలో తినరాదని వాగ్భటుడు అంటాడు. మన ఇళ్లలో దీనికి సరిగ్గా ఎదురు. ఎండాకాలంలో చలవకోసం పెరుగు తింటాం, చలికాలంలో మానుతాం.

కాబట్టి ఈ పథ్యం గ్రంథంనుంచి వంటింటికి దిగినది కాదనే చెప్పాలి. చేతికి చల్లగా తగిలేది ఒంటికీ చలవ చేస్తుందన్న జనుల లెక్క దీనికి మూలం. భాష కూడా ఆ లెక్కకు తోడ్పడింది. తెలుగులో మజ్జిగకు పాత పేరు చల్ల. చల్లనిదానికీ ఆ మాటే. తమిళంలో కఫానికి, పడిశానికి ‘సళి’ అని పేరు. అది తెలుగు ‘చలి’కి చెవిలో దగ్గరగా వినిపిస్తుంది. ఈ పదాల పుట్టుక ఒకటని ఇక్కడ చెప్పడం లేదు. రెండు భాషలూ ఆడే ఇంట్లో చలి, చల్ల, సళి ఒకే గూటికి చేరడం సహజమని మాత్రమే.

పెరుగు మాన్పించిన చోట మరొకటి పెట్టాలి గదా. ఆ చోటు మిరియాల చారుది. మలబారు మిరియం పాలక్కాడు కనుమ దాటి తూర్పుకు వచ్చే దారి కొంగునాటి మీదుగానే. అమెరికానుంచి పోర్చుగీసుల ద్వారా మిరపకాయ రాకముందు మన వంటలో కారానికి ముఖ్యాధారం మిరియమే. నీళ్లు బాగా పోసిన మజ్జిగను ఇటు ఆయుర్వేదం, అటు తమిళనాటి సిద్ధవైద్యం రెండూ మెచ్చుకున్నాయి. మజ్జిగ కఫాన్నీ వాతాన్నీ అణచుతుందని వాగ్భటుడే అన్నాడు. పెరుగును, చల్లను ఒకే గాటన కట్టి రెంటినీ మాన్పించే ఇల్లు ఈ తేడాను మరచినట్లే.

ఆధునిక వైద్యం కూడా ఈ ప్రశ్నకు దగ్గరగా వచ్చింది. 1990లో ప్రచురితమైన ఆస్ట్రేలియా పరిశోధనలో 60 మందికి పడిశం కలిగించే రైనోవైరస్‌ను ఎక్కించి చూశారు. పాలు ఎక్కువగా తాగినవారికి చీమిడి ఎక్కువ పట్టలేదు. అది పాల గురించిన పరీక్ష, పెరుగు గురించినది కాదు. అయినా పాడి కఫాన్ని పెంచుతుందన్న నమ్మకాన్ని తిరిగి పరిశీలించవలసి ఉందని చూపుతుంది.

అయితే నియమం వైద్యంగా నిలవకపోయినా చరిత్రకు ఆధారంగా నిలుస్తుంది. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. అవినాశివంటి చోట్ల తెలుగుకు మిగిలిన బడి ఇల్లే. ‘పడిశం పట్టింది, పెరుగొద్దు’ అని తల్లి అన్నప్పుడు బిడ్డకు అందేది పథ్యమొక్కటే కాదు. పడిశం, పెరుగు, తోడు, చల్ల, మీగడ అన్న మాటలూ అందుతాయి. ఆ మందలింపు తమిళంలోకి మారిననాడు పథ్యం నిలుస్తుంది, మాటలు పోతాయి. ప్రవాసంలోని విద్యార్థులు తమ ఇళ్లలో ఇటువంటి పథ్యాలను, అన్నవారి మాటల్లోనే, ఊరి పేరుతో సహా రాసిపెట్టుకోవడం అవసరం. శాసనాల్లో దొరకని వలస చరిత్ర కొంత అక్కడ దొరుకుతుంది.