రాష్ట్రజాబితాలో తొమ్మిదవ పద్దు

భారత రాజ్యాంగమున సప్తమానుసూచియందలి రాష్ట్రజాబితాను చదువువారికి ఎనిమిదవ పద్దుగా మద్యపానీయములును, పదవ పద్దుగా శ్మశానవాటికలును కన్పట్టును; ఆ రెంటి నడుమ తొమ్మిదవదిగా, వికలాంగులకును పని చేయజాలనివారికిని సాయము చేయుట అను పద్దు గలదు. మన దేశమున వికలాంగుల శాసనచరిత్రను అర్ధశతాబ్దము పాటు నడపినది ఈ ఒక్క పంక్తియే. వారిని గూర్చి చట్టము చేయు అధికారము రాష్ట్రములదనియు, ఆ చట్టము వలన వారికి లభింపవలసినది సాయమే గాని హక్కు గాదనియు, అంగవైకల్యము గలవారును పనికి రానివారును ఒక్క పద్దున జేర్పదగినవారనియు, మూడు భావములు అందు ఇమిడియున్నవి. హక్కు అను మాట చాలకాలమునకు గాని రాలేదు. వచ్చినప్పుడును రాష్ట్రశాసనసభల నుండి గాక, అంతర్జాతీయ ఒడంబడికలను అమలుపరచుటకు 253వ అధికరణము ఇచ్చిన అధికారమును ఊతగా గొని పార్లమెంటు నుండి వచ్చినది. అయినను వైకల్య ధ్రువపత్రము, పింఛను, పాఠశాల, బస్సు మెట్టు, ఉద్యోగపు రోస్టరు నేటికిని రాష్ట్రప్రభుత్వము చేతిలోనివే. కనుక ఈ చరిత్రను ఢిల్లీ నుండి గాక ఒక రాష్ట్రరాజధాని నుండి చూచుట యుక్తము. అందులకు కలకత్తా నగరమును మించినది లేదని నా తలంపు.

కలకత్తాలో ఈ కథ బడితో మొదలైనది. 1893లో యామినీనాథ బంద్యోపాధ్యాయుడును, ఆయన మిత్రులును, సిటీ కళాశాలాధ్యక్షుడగు ఉమేశచంద్ర దత్తుగారి అండతో బధిరులకొక పాఠశాలను నెలకొల్పిరి. చెవిటివారికి చదువు చెప్పు విధానమును అభ్యసించుటకై యామినీనాథుడు ఇంగ్లండునకును, అటుపిమ్మట అమెరికాకును పోయి, వాషింగ్టనునందలి గాలడెట్ కళాశాలలో శిక్షణము పొంది వచ్చెను. నాలుగేండ్లకు, 1897లో, లాల్ బిహారీ షా అంధబాలుర కొరకొక పాఠశాలను తెరచి, బ్రెయిలు చుక్కలను వంగాక్షరములకు అమర్చెను. ఈ రెండు విద్యాలయములును దాతల విరాళముల మీదను, ప్రభుత్వము దయ దలచి ఇచ్చు గ్రాంటుల మీదను ఆధారపడినవి. బధిరబాలుడు బడికి రాకున్న అడుగువాడు లేడు. వచ్చిన వానిని చేర్చుకొనకున్నను అడుగువాడు లేడు. చదువును అతనికి హక్కుగా ఒసగు చట్టము ఎక్కడను లేకుండెను.

చట్టము వారిని బొత్తిగా చూడలేదని కాదు. 1872 నుండి 1931 వరకు జరిగిన జనాభా లెక్కలలో మతి చలించినవారిని, చెవిటిమూగలను, గ్రుడ్డివారిని, కుష్ఠురోగులను వేరువేరు గడులలో వ్రాసికొనిరి. 1858లోను, 1912లోను ఉన్మాదులను గూర్చియు, 1898లో కుష్ఠురోగులను గూర్చియు శాసనములు వెలసినవి. వీని ముఖ్యోద్దేశము ఆ జనులను వీథి నుండి తొలగించి గోడల వెనుక నుంచుటయే. ఈ దృష్టికి పరాకాష్ఠ 1943వ సంవత్సరపు వంగ వాగ్రెన్సీ చట్టము. పల్లెల నుండి ఆకలిమంటతో తరలివచ్చిన జనము కలకత్తా కాలిబాటల మీద కుప్పకూలుచున్న మహాక్షామ సంవత్సరమున, ముందు ఆర్డినెన్సుగాను పిదప చట్టముగాను వచ్చిన ఈ శాసనము, బిచ్చమెత్తువానిని మాత్రమే గాక, బిచ్చమెత్తి బ్రదుకువాడని తోచునట్టి స్థితిలో బహిరంగస్థలమున తిరుగువానిని, ఊరక కూర్చున్నవానిని సైతము పట్టి మేజిస్ట్రేటు నొద్ద నిలుపవచ్చునని చెప్పెను. చేయి చాపకున్నను రూపమే సాక్ష్యమైనది. చంకకర్ర ఊతగా సియాల్దా స్టేషను ముందర నిలుచున్న మనుష్యుడు రైలు కొరకు వేచియున్నాడో, అన్నము కొరకు వేచియున్నాడో నిర్ణయించువాడు పోలీసు జవానే. పట్టుబడినవారిలో కుష్ఠురోగులను, మతి చలించినవారిని, అంటువ్యాధిగ్రస్తులను, బాలురను వేర్వేరు శాలలలో ఎడముగా నుంచవలెనని ఆ చట్టమున వ్రాయబడియున్నది. రాష్ట్రశాసనము వికలాంగుని ఎదురుగా చూచినప్పుడు అతనియందు పౌరుని గాక, ఎత్తి వేరొకచోట పెట్టవలసిన భారమునే చూచినదనుటకు ఇంతకంటె నిదర్శనమక్కరలేదు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటను ఆ చట్టము గ్రంథమునందు నిలిచియే యుండెను.

రాజ్యాంగము 41వ అధికరణమున వైకల్యము పొందినవారికి ప్రభుత్వసాయమును ఆదేశించెను గాని, అది రాజ్య ఆర్థికశక్తికి లోబడినది. న్యాయస్థానమున నిలదీసి అడుగదగినది గాదు. జనాభా లెక్కలలోని గడి సైతము 1941 మొదలు నాలుగు దశాబ్దములు మాయమైనది. లెక్కయే లేనివారికి కేటాయింపు ఎట్లు కలుగును? ఆ మౌనకాలమున కలకత్తాలో పని చేసినవి స్వచ్ఛందసంస్థలు. 1974లో సుధా కౌల్ గారు, సెరిబ్రల్ పాల్సీ గల బిడ్డల కొరకు, నేడు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సెరిబ్రల్ పాల్సీ అను పేర తారాతలా రోడ్డులో నున్న సంస్థను ఆరంభించిరి. 1978లో కేంద్రప్రభుత్వము బన్‌హుగ్లీలో అస్థివికలురకై జాతీయసంస్థను స్థాపించెను. చికిత్సకును విద్యకును దారి ఏర్పడినది. వికలాంగుడు హక్కుదారుడై అడుగు చోటు ఇంకను ఏర్పడలేదు.

అట్టి చోటు నేర్పరచిన తొలి ఘట్టములలో ఒకటి వంగరాష్ట్రపు కారాగారముల నుండియే వచ్చినది. ఏ నేరమును చేయకయే, మతి చలించినదను ఒక్క కారణమున, 1912 నాటి ఉన్మాదశాసనము క్రింద పరీక్షార్థము కారాగారమునకు పంపబడినవారు అక్కడనే ఏండ్లు గడుపుచుండిరి. వారిపై అభియోగము లేదు గనుక విచారణ లేదు. విచారణ లేదు గనుక శిక్ష లేదు. శిక్ష లేదు గనుక దాని ముగింపును లేదు. దొంగకు విడుదల దినమున్నది గాని వీరికి లేదు. పాత్రికేయురాలగు షీలా బర్సే గారు వేసిన పిటిషను మీద, సుప్రీముకోర్టు 1993 ఆగస్టులో, నేరము చేయని మనోరోగులను జెయిళ్ళలో నుంచుట చట్టవిరుద్ధము, రాజ్యాంగవిరుద్ధము అని తీర్పు చెప్పెను. ఆ యేడే 1987 నాటి మానసికారోగ్య చట్టము అమలులోనికి వచ్చి పాతశాసనమును తొలగించెను. జెయిలు నుండి ఆసుపత్రికి మార్చిన మాత్రమున వారికి ఇల్లు లభింపలేదన్నది వేరు సంగతి. పావ్లోవ్, లుంబినీ పార్కు వంటి ప్రభుత్వ మానసిక చికిత్సాలయములలో స్వస్థత పొందియు తీసికొనిపోవువారు లేక నిలిచిపోయినవారి పక్షమున, రత్నావళి రాయ్ గారి అంజలి సంస్థ అటు తరువాతి కాలమున పోరాడుచు వచ్చినది.

1995 డిసెంబరులో పార్లమెంటు వికలాంగుల చట్టమును ఆమోదించెను. 1996 ఫిబ్రవరి 7 నుండి అది అమలులోనికి వచ్చినది. ఏడు విధముల వైకల్యములను గుర్తించి, ఉద్యోగములలో నూటికి మూడు కేటాయించి, ప్రతి రాష్ట్రమునకును ఒక కమిషనరు నుండవలెనని విధించిన ఆ శాసనము గొప్ప ముందడుగే. కాని రోడ్లు, భవనములు, వాహనములను గూర్చిన సెక్షనులన్నిట ఆర్థికశక్తికి లోబడి అను పదములు కావలికాయుచుండెను. ఉద్యోగపు కేటాయింపులోని ఆ మూడింటిలో అంధులకొకటి, బధిరులకొకటి, చలనవైకల్యము గలవారికొకటి పోగా, బుద్ధివికాసలోపము గలవారికిని మనోరోగులకును మిగిలినది శూన్యము. కలకత్తా మెట్రో రైలు, దేశమున మొదటిది, 1984లోనే నడచుట మొదలిడినది. భూగర్భస్టేషనుకు దిగు మెట్ల వరుసను చూచినచో దానిని నిర్మించిన కాలమున చక్రాలకుర్చీని తలచినవారు లేరని తెల్లమగును. పదకొండేండ్లకు వచ్చిన చట్టము ఆ మెట్లను గూర్చి, డబ్బున్నచో మార్పుమనెను.

ఇచట కలకత్తా నగరమును మన హైదరాబాదును కలిపిన ఒక ఘట్టమును కొంత విపులముగా చెప్పవలసియున్నది. 2006 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశము 2007 అక్టోబరు 1న ధ్రువపరచెను. పాతచట్టము ఆ ఒడంబడికకు సరిపడలేదు. క్రొత్త చట్టపు ముసాయిదాను రచించుటకై 2010లో కేంద్రప్రభుత్వము నియమించిన కమిటీకి అధ్యక్షురాలు తారాతలా సంస్థకు చెందిన సుధా కౌల్ గారు. ఆ ముసాయిదాకు న్యాయభాషను సమకూర్చినది అమితా ధండా గారి నేతృత్వమున హైదరాబాదునందలి నల్సార్ విశ్వవిద్యాలయపు వైకల్యాధ్యయన కేంద్రము. 2011 జూనులో సమర్పితమైన ఆ ముసాయిదాయందు, ఏ వైకల్యము గలవాడైనను చట్టము దృష్టిలో పూర్ణవ్యక్తియనియు, నిర్ణయము చేసికొనుటకు అతనికి కావలసినది బదులు సంతకము చేయు సంరక్షకుడు గాక తోడు నిలుచు సహాయకుడనియు చెప్పిన భాగము, నా దృష్టిలో, ఈ దేశమున ఈ విషయమై వ్రాయబడిన వాక్యములలో మిక్కిలి ఉదాత్తమైనది. ఆస్తి అమ్ముట, బ్యాంకు ఖాతా తెరచుట, ఆసుపత్రిలో చేరుట, చేరకుండుట అను నిత్యవ్యవహారములన్నియు ఆ ఒక్క సూత్రము మీద ఆధారపడియున్నవి. ఆ భాగము యథాతథముగా నిలువలేదు. 2014 ఫిబ్రవరిలో రాజ్యసభ ముందుకు వచ్చిన బిల్లు ఎంతో సన్నగిల్లినది. వికలాంగసంఘములు వీథులకెక్కి పోరగా కొంత సరిదిద్దబడి 2016 డిసెంబరులో చట్టమైనది. వైకల్యములు ఇరువదియొకటికి పెరిగినవి. ఉద్యోగపు కేటాయింపు మూడు నుండి నాలుగైనది. బుద్ధివికాసలోపము గలవారికి, మనోరోగులకు అందు చోటు దొరకినది. కాని పరిమిత సంరక్షకత్వము పదునాలుగవ సెక్షనున నిలిచిపోయినది. న్యాయ్యమైన ఉద్దేశమును సాధించుటకు తగిన సాధనమైనచో వివక్ష చేయవచ్చునను మినహాయింపు మూడవ సెక్షనున చొరబడినది. ఆ మినహాయింపును తొలగించువరకు ఈ చట్టము తన పేరునకు పూర్తిగా తగదని నేను నిస్సంకోచముగా చెప్పగలను.

ఆ బిల్లు పార్లమెంటులో నలుగుచుండగనే కలకత్తా విమానాశ్రయమున జరిగిన ఒక ఘటనపై తీర్పు వెలువడినది. 2012 ఫిబ్రవరి 19న జీజా ఘోష్ గారు, సెరిబ్రల్ పాల్సీ గల వికలాంగ హక్కుల కార్యకర్త, వికలాంగులను గూర్చిన అంతర్జాతీయ సదస్సులో పాల్గొనుటకు గోవాకు పయనమై విమానమున తన సీటులో కూర్చుండిరి. సిబ్బంది వచ్చి బోర్డింగు పాసు నడిగి, పిదప దిగుమనిరి. కారణమడిగిన చెప్పలేదు. ఆమె దేహస్థితిని చూచి కెప్టెను పట్టుబట్టెనని తరువాత తెలిసినది. సదస్సు ఆమెకు దక్కలేదు. 2016 మే 12న సుప్రీముకోర్టు, న్యాయమూర్తి సిక్రీగారి లేఖనిచే, ఆమెకు 10 లక్షల రూపాయల పరిహారము నిప్పించుచు, వికలాంగుల హక్కులకు మూలము మానవగౌరవమని పలికెను. 1943లో కాలిబాట మీది మనుష్యుని రూపమును చూచి నిర్ణయించిన జవానును, 2012లో విమానములోని స్త్రీ రూపమును చూచి నిర్ణయించిన కెప్టెనును నేను పక్కపక్కన నిలిపి చూచుచుందును. మొదటివానికి చట్టము అండ. రెండవవానికి చట్టము ఎదురు. డెబ్బది యేండ్లలో సాధించినదేమని అడుగువారికి ఈ భేదమును చూపవచ్చును.

2016 చట్టము అమలులోనికి వచ్చిన ఆరు నెలలలో ప్రతి రాష్ట్రమును నియమావళిని రచింపవలెనని 101వ సెక్షను విధించినది; అనేక రాష్ట్రములు ఆ గడువును దాటించినవి. నేటి హక్కులవాదుల పని ఎక్కువగా ఇక్కడనే యున్నది. 2011 లెక్కల ప్రకారము పశ్చిమవంగమున 20 లక్షలకు పైబడియు, అవిభక్తాంధ్రమున 22 లక్షలకు పైబడియు వికలాంగులు కలరు. పశ్చిమవంగ ప్రభుత్వము 2018లో మానవిక్ అను పేర నెలకు 1000 రూపాయల పింఛనును ఆరంభించెను. తెలంగాణము 2023లో వికలాంగుల పింఛనును 4016 రూపాయలకును, ఆంధ్రప్రదేశము 2024 జూలై నుండి 6000 రూపాయలకును పెంచినవి. మనవారి చేయి పెద్దదని సంతోషింపవలసినదే. కాని ఈ మొత్తములన్నియు ప్రభుత్వోత్తరువుల మీద నిలిచినవి; పెంచిన ఉత్తరువే తగ్గింపవచ్చును, వైకల్యమును నిర్ధారించు సదరం శిబిరమున వ్రాసిన శాతమును మరల పరీక్షించి పేరు కొట్టివేయవచ్చును. వికలాంగులకిచ్చు సాయము, తత్సమానమైన ఇతర పథకముల మొత్తము కంటె నూటికి ఇరువదియైదు వంతులైనను హెచ్చుగా నుండవలెనని 24వ సెక్షను చెప్పుచున్నది. ఈ కనీసమును ధరలతో ముడివెట్టి రాష్ట్రచట్టముగా మార్చినచో తొమ్మిదవ పద్దు క్రిందనే హక్కు పుట్టును. 2025 ఏప్రిలులో తమిళనాడు శాసనసభ పంచాయతీలలోను పురపాలకసంఘములలోను వికలాంగులను సభ్యులుగా నియమించుటకు చట్టములను సవరించినది. వార్డు కచేరీ మెట్లకు ప్రక్కగా ర్యాంపు వేయవలెనా వద్దా అను చర్చలో, ఆ ర్యాంపు మీద ఎక్కిరావలసిన మనుష్యునికే వోటుండుట కలకత్తాకును, అమరావతికిని, హైదరాబాదునకును తగిన తరువాతి బిల్లు.