చిన్న చట్రం, పెద్ద చిత్రం

చాలా సెల్‌ఫోన్లలో, జేబు కెమెరాలలో బొమ్మ పడే సెన్సార్ చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. అందుకే "పెద్ద కెమెరా ఉంటే తప్ప మంచి ఫోటో రాదు" అని కొందరు నిరుత్సాహపడతారు. ఇది ఎంతవరకు నిజమో చరిత్రలో చూద్దాం.

1880వ దశకంలో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ (1844-1905) పెద్ద పెద్ద గాజు పలకలపై చిత్రాలు తీశారు. ఆ రోజుల్లో పలకను కాగితానికి ఆనించి ఎండలో అచ్చు తీసేవారు. పలక ఎంతో బొమ్మ కూడా అంతే. కనుక పెద్ద బొమ్మ కావాలంటే బరువైన పెద్ద కెమెరా మోయక తప్పేది కాదు.

జర్మనీలోని లైట్జ్ సంస్థలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్ దీనికి మరో దారి చూపాడు. సినిమా ఫిల్మును వాడి, 24 × 36 మిల్లీమీటర్ల చిన్న నెగటివు తీసి, తరువాత దాన్ని పెద్దది చేయాలన్నది ఆయన ఆలోచన. 1925లో లైకా కెమెరా మార్కెట్లోకి వచ్చింది. నెగటివును పెద్దది చేస్తే అందులోని లోపం కూడా పెద్దదవుతుంది. అందుచేత పదునైన కటకం, సరైన వెలుగు, కదలని చెయ్యి అవసరమయ్యాయి. చట్రం చిన్నదైనకొద్దీ శ్రద్ధ పెరగవలసి వచ్చింది.

డిజిటల్ యుగంలో ఇదే కథ మళ్లీ నడిచింది. 2003లో ఒలింపస్ సంస్థ ఇ-1 కెమెరాతో ఫోర్ థర్డ్స్ పద్ధతిని ప్రవేశపెట్టింది. దాని సెన్సార్ 17.3 × 13 మిల్లీమీటర్లు. అంటే వైశాల్యంలో లైకా చట్రంలో దాదాపు నాలుగోవంతు. మిగతావన్నీ సమానమైతే దానిపై పడే మొత్తం వెలుగు కూడా నాలుగోవంతే. మసక వెలుతురులో బొమ్మపై చుక్కలు కనబడటానికి కారణం ఇదే. దీనికి విరుగుడు ఉంది. కదలని దృశ్యమైతే కెమెరాను స్టాండుపై ఉంచి ఎక్కువసేపు వెలుగు పడనివ్వాలి. లేదా నాలుగు ఫోటోలు తీసి కంప్యూటర్‌లో సగటు చేయాలి. అప్పుడు చుక్కల అలజడి సగానికి తగ్గుతుంది.

చిన్న సెన్సార్‌తో లాభమూ ఉంది. 150 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల కటకం దీనిపై, పెద్ద చట్రంలో 300 మిల్లీమీటర్ల కటకం చూపేంత దృశ్యాన్నే చూపుతుంది. పిట్టల ఫోటోలు తీసేవారికి మోత తగ్గుతుంది.

మన దేశపు ఉదాహరణ ఒకటి చూడండి. 2013 నవంబర్ 5న శ్రీహరికోట నుంచి బయలుదేరిన మంగళయాన్‌లోని రంగుల కెమెరా బరువు సుమారు ఒకటింపావు కిలో. దాని సెన్సార్ భుజం దాదాపు 11 మిల్లీమీటర్లే. కటకం నాభ్యంతరం 105 మిల్లీమీటర్లు. కుజుడికి 372 కిలోమీటర్ల ఎత్తు నుంచి తీస్తే బొమ్మలోని ఒక్కో బిందువు నేలపై సుమారు 19.5 మీటర్ల మేర చూపుతుంది. కక్ష్యలో దాదాపు 77 వేల కిలోమీటర్ల దూరపు కొసన గ్రహమంతా ఒకే చట్రంలో ఇమిడింది. చిన్న కెమెరాకు ఇక్కడ తోడైంది కక్ష్య: దగ్గర నుంచి వివరం, దూరం నుంచి పూర్ణరూపం.

పెద్ద సెన్సార్‌కు ఎక్కువ వెలుగు అందుతుందన్నది భౌతికశాస్త్ర సత్యం. దాన్ని కాదనలేం. అయితే వెలుగును వెతకడం, దగ్గరకు వెళ్లడం, కెమెరాను కదలనివ్వకపోవడం మన చేతిలోనే ఉన్నాయి. ఈ సాయంత్రం కిటికీ పక్కన ఒక పువ్వును ఉంచి, కెమెరాను బల్లపై ఆనించి ఒక ఫోటో, చేత్తో పట్టుకుని మరో ఫోటో తీసి పోల్చి చూడండి.