ఎర్రరాయి పొరల్లో అయస్కాంతం

జంషెడ్‌పూర్ కర్మాగారంలో తొలి ఉక్కు దిమ్మ తయారైంది 1912 ఫిబ్రవరి 16న. అక్కడి బ్లాస్టు కొలిములకు నోవాముండి వంటి గనుల నుంచి వచ్చే ఖనిజం ముఖ్యంగా హెమటైట్ అనే తుప్పురంగు రాయి. శుద్ధ హెమటైట్ బరువులో సుమారు 70 శాతం ఇనుమే. అయినా దాని ముక్క దగ్గర మీ ప్రయోగశాలలోని దండాయస్కాంతాన్ని పెట్టి చూడండి, దాదాపు చలనమే ఉండదు! అదే ఇనుము, అదే ఆక్సిజన్ వేరే పాళ్లలో కలిసిన మాగ్నటైట్ రజను మాత్రం ఎగిరి అంటుకుంటుంది. 1950లో జంషెడ్‌పూర్‌లోనే ప్రారంభమైన జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల వంటి చోట్ల ఖనిజశుద్ధి చేసేవారికి ఇది తెలిసిన సంగతే. మాగ్నటైట్‌ను బలహీనమైన అయస్కాంతంతోనే వేరుచేయవచ్చు. హెమటైట్‌కు చాలా బలమైన క్షేత్రం కావాలి.

అంత ఇనుము ఉండి అయస్కాంతత్వం ఏమైనట్టు? ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ నీల్ 1930లలో రూపొందించిన భావనలో జవాబుంది. ప్రతి ఇనుప పరమాణువూ ఒక బుల్లి అయస్కాంతం. హెమటైట్‌లో ఒక పొరలోని పరమాణువులన్నీ ఒక దిక్కు చూస్తే, పక్క పొరలోనివి ఎదురు దిక్కు చూస్తాయి. కూడి చూస్తే మిగిలేది దాదాపు సున్నా. దాదాపు అనడమెందుకంటే, గది ఉష్ణోగ్రత వద్ద ఈ దిక్కులు రవ్వంత వాలి ఉంటాయి. అందువల్ల మిగిలే స్వల్ప అయస్కాంతత్వాన్ని సోవియట్ శాస్త్రజ్ఞుడు జ్యాలోషిన్‌స్కీ 1958లో వివరించాడు.

మరి ఒక్క పొరనే విడదీస్తే? ఎదురు నిలిచే పొరే ఉండదు కదా అని మీకు తోచవచ్చు. సిద్ధాంతం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. పరమాణువులు పైకో కిందికో మాత్రమే చూడగలిగితే పలుచని పొరలోనూ అయస్కాంతత్వం నిలుస్తుందని 1944లో ఆన్‌సాగర్ లెక్కగట్టి చూపాడు. కానీ అవి ఏ దిక్కుకైనా తిరగగలిగితే? ప్రార్థనకు నిలిచిన పొడవాటి వరుసను ఊహించండి. ప్రతి విద్యార్థీ పక్కవాడికన్నా వెంట్రుకవాసి పక్కకు తిరిగాడనుకోండి. ఎవరికీ తేడా తెలియదు, కాని చివరివాడు వెనక్కి తిరిగి ఉంటాడు! పొరలో ఇలాంటి మెల్లని మలుపుకు అయ్యే శక్తి బహు స్వల్పం, కొద్దిపాటి వేడి చాలు. పరమశూన్యానికి పైన ఏ ఉష్ణోగ్రతలోనూ అటువంటి పొరలో క్రమం నిలవదని మెర్మిన్, వాగ్నర్ 1966లో నిరూపించారు.

తప్పించుకునే దారి ఒక్కటే. స్ఫటికం తానే ఒక దిక్కును ఇష్టపడాలి. 2017లో అమెరికాలో క్రోమియం ట్రై అయొడైడ్ ఒంటి పొర ఈ దారి చూపింది. గూడూరు అభ్రకంలా అది పొరలుగా ఊడివస్తుంది. సున్నాకు దిగువ 228 డిగ్రీల సెల్సియస్ వరకు చల్లబరిస్తే ఒంటి పొర అయస్కాంతమైంది. చిత్రమేమంటే, రెండు పొరలు కలిస్తే ఒకదాన్నొకటి రద్దుచేసుకున్నాయి, మూడైతే మళ్లీ అయస్కాంతత్వం!

హెమటైట్ అభ్రకం వంటిది కాదు. దానిలో బంధాలు అన్ని వైపులా గట్టివే. అయినా 2018లో రైస్ విశ్వవిద్యాలయానికి చెందిన పులిక్కల్ అజయన్ బృందం సహజ హెమటైట్ ఖనిజాన్ని ద్రవంలో వేసి, అతిధ్వనులతో కుదిపి, ఒకటి రెండు పొరల రేకులు రాబట్టింది. ఆ బృందంలో మన దేశపు శాస్త్రజ్ఞులూ ఉన్నారు. ఆ రేకులకు హెమటీన్ అని పేరు పెట్టారు. రాయిలో ఎదురెదురుగా నిలిచిన దిక్కులు హెమటీన్‌లో ఒకే వైపు తిరిగాయని వారి కొలతలు, లెక్కలు తెలిపాయి. ఇంత సన్నని రేకులో అంచుల వద్ద పరమాణువులకు పొరుగువారు తక్కువ. అక్కడివి వేరుగా ప్రవర్తించవచ్చు. అందుకే రేకుల పొడినంతా కలిపి కొలిచిన విలువకన్నా, క్రోమియం ప్రయోగంలోలాగ ఒక్కో రేకును విడిగా కొలిచిన విలువకే నేను ఎక్కువ బరువిస్తాను.