కరెంటు కంటే ముందే

స్వచ్ఛమైన నీటిలో విద్యుత్తు దాదాపు పారదు. పొడి ఉప్పులోనూ పారదు. ఉప్పును నీళ్లలో కరిగిస్తే మాత్రం చక్కగా పారుతుంది. ఎందుకు?

1834లో మైకేల్ ఫారడే, ద్రావణంలో ఆవేశాన్ని మోసుకెళ్లే వాటికి 'వెళ్లేది' అనే అర్థం వచ్చే గ్రీకు మాటతో 'అయాన్' అని పేరు పెట్టాడు. విద్యుత్తు ప్రవేశించాకే పదార్థం ధన, ఋణ అయాన్లుగా చీలుతుందని ఆయన భావించాడు.

స్వీడన్ యువకుడు స్వాంటె ఆర్హీనియస్ పలుచని ద్రావణాల వాహకతను ఓపిగ్గా కొలిచాడు. ఎంత పలుచన చేస్తే, కరిగిన పదార్థం అంత సమర్థంగా విద్యుత్తును మోస్తోంది. 1883 మే 17 రాత్రి దానికి కారణం తట్టింది. లెక్కంతా తేలేదాకా నిద్రపోలేదు. విద్యుత్తుతో పని లేకుండానే, కరిగిన అణువుల్లో కొంత భాగం చురుకైన స్థితిలో ఉంటోంది! 1884లో ఈ ఆలోచనతో ఉప్సాలా విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథానికి దక్కింది చాలా తక్కువ శ్రేణి. రీగాలోని రసాయన శాస్త్రవేత్త ఓస్ట్వాల్డ్ మాత్రం దాని విలువ గుర్తించి, అతన్ని వెతుక్కుంటూ ఉప్సాలా వచ్చాడు.

అసలు సాక్ష్యం మంచు దగ్గర దొరికింది. నీటిలో చక్కెర కలిపితే గడ్డకట్టే ఉష్ణోగ్రత కొంత తగ్గుతుంది. అన్నే అణువుల ఉప్పు కలిపితే ఆ తగ్గుదల దాదాపు రెట్టింపు. కాల్షియం క్లోరైడ్‌తో దాదాపు మూడింతలు. ఉప్పు రెండు అయాన్లుగా, కాల్షియం క్లోరైడ్ మూడుగా విడిపోతాయంటే లెక్క సరిపోతుంది. రసాయన శాస్త్రవేత్త వాంట్ హాఫ్ పరిశోధనల ఊతంతో 1887లో ఆర్హీనియస్ ఆ మాట ధైర్యంగా ప్రకటించాడు.

ఉప్పులో ఉన్నవి సోడియం, క్లోరిన్. సోడియం నీటిని తాకితే భగ్గుమంటుంది, క్లోరిన్ విషవాయువు. రెండూ ఉప్పునీటిలో విడివిడిగా ఎలా ఉంటాయని విమర్శకులు నిలదీశారు. ఆవేశం ఉన్న సోడియం వేరు, లేని సోడియం వేరు. జవాబు అదే.

ఈ చూపుతో ఆమ్లం అంటే నీటిలో ధనావేశ హైడ్రోజన్‌ను, క్షారం అంటే ఋణావేశ హైడ్రాక్సైడ్‌ను ఇచ్చేది. ఆ రెండూ కలిస్తే నీరు. మిగిలిన అయాన్లతో లవణం. ఏ బలమైన ఆమ్లాన్ని ఏ బలమైన క్షారంతో కలిపినా మోలు నీటికి సుమారు 57 కిలోజౌళ్ల వేడే ఎందుకు వస్తుందో అప్పుడు తెలిసింది. జరిగే చర్య ఒక్కటే కాబట్టి! 1903లో ఆర్హీనియస్‌ను రసాయనశాస్త్ర నోబెల్ వరించింది.

కథ అక్కడితో ఆగలేదు. 1913లో భౌతిక శాస్త్రవేత్తలైన బ్రాగ్ తండ్రీకొడుకులు ఎక్స్ కిరణాలతో ఉప్పు స్ఫటికంలోకి చూస్తే, జంటలుగా ఉండే అణువులే కనిపించలేదు. ఒక్కో సోడియం చుట్టూ ఆరు క్లోరిన్లు, ఒక్కో క్లోరిన్ చుట్టూ ఆరు సోడియాలు బారులు తీరి ఉన్నాయి. పొడి ఉప్పులోనూ ఉన్నవి అయాన్లే. కదలడానికి వాటికి దారి లేదు. నీరు చేసేది ఆ దారి ఇవ్వడమే.