చాట దాకా రాని చట్టం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో యాభై దాటిన ఆడవాళ్లలో ఎందరో చిన్ననాడే బీడీల చాట ఒళ్లో పెట్టుకున్నవాళ్లు. తునికాకు నానబెట్టాలి, కొలత రేకు పెట్టి కత్తెరతో కోయాలి, చిటికెడు తంబాకు పరిచి చుట్టాలి, మూతి మడిచి దారం కట్టాలి. ఇరవై ఐదు బీడీలైతే ఒక కట్ట. కూలి వెయ్యి బీడీల లెక్కన. లేచిన ప్రతిసారీ లెక్క వెనకబడుతుంది. అందుకే నీళ్లు తక్కువ తాగడం, మూత్రం వచ్చినా బిగబట్టి కూర్చోవడం చాలామందికి అలవాటైపోయింది.

పనిచోట మరుగుదొడ్డి అవసరాన్ని ప్రభుత్వం ఎప్పుడో గుర్తించింది. 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టం 12వ సెక్షన్ పనిచేసే చోట మరుగుదొడ్లు, మూత్రశాలలు ఉండి తీరాలంది. కానీ ఆ చట్టమే పనిచేసే చోటు అంటే ఏమిటో నిర్వచిస్తూ సొంత ఇళ్లను మినహాయించింది. కార్ఖానాకు వెళ్లి ఆకు, తంబాకు తెచ్చుకుని ఇంటి అరుగు మీద చుట్టే మనిషికి ఆ సెక్షన్ వర్తించలేదు.

మగవాళ్లు వలసపోయిన కొద్దీ అరుగు మీద పని పెరిగింది. సిరిసిల్ల నేత కార్మికులు భీవండికి, జగిత్యాల, కోరుట్ల మనుషులు గల్ఫ్‌కు పోయారు. ఇల్లు గడవడానికి చాట మిగిలింది.

ఆ ఆడవాళ్ల ఒళ్లు ఇప్పుడు ఏం చెబుతోంది? దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా మూత్రం చుక్కలు పడతాయి. కాన్పులతో కటి కండరాలు సడలడం, ముట్లుడగడం, మలబద్ధకం, ఏళ్ల తరబడి దగ్గు ఇందుకు ప్రధాన కారణాలు. తంబాకు ధూళి ఆ దగ్గును పెంచుతుంది. మూత్రం బిగబట్టడం ఇన్ఫెక్షన్లకు దారితీయవచ్చు. వీటికి తోడు తెలంగాణలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో దేశమంతటా 3.2 శాతం మందికి గర్భసంచి తీసేస్తే, ఇక్కడ 7.7 శాతం మందికి తీశారు. ఆ ఆపరేషన్ తర్వాత మూత్రం జారే ముప్పు పెరగవచ్చని వైద్య పరిశోధనలు చెబుతున్నాయి.

ఈ బాధ ఉన్నవాళ్లు తమ ఆరోగ్యం బాగాలేదని చెప్పడం ఎక్కువని అనేక దేశాల అధ్యయనాల్లో తేలింది. బీపీ, షుగర్ గురించి నలుగురిలో మాట్లాడుకునే ఆడవాళ్లు దీని గురించి మాత్రం నోరు విప్పరు. బస్సు ప్రయాణం మానుకుంటారు, పెళ్లిలో వెనక వరుసలో కూర్చుంటారు, బతుకమ్మ ఆటలో త్వరగా పక్కకు తప్పుకుంటారు. వయసు మీద పడితే ఇంతేనని సరిపెట్టుకుంటారు.

ప్రభుత్వ సాయం అసలే లేదని కాదు. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. బీడీల మీద వేసిన సెస్సుతో దవాఖానలు నడిచాయి. 2017లో జీఎస్టీతో ఆ సెస్సు పోయింది. తెలంగాణ ప్రభుత్వ ఆసరా పథకం కింద బీడీ కార్మికులకు మొదట నెలకు 1,000 రూపాయలు, 2019 నుంచి 2,016 రూపాయల పింఛన్ అందింది. ఆ డబ్బు ఇంటికి ఆసరా అయింది గానీ, మూత్రం ఆగుతోందా అని అడిగే మనిషి మాత్రం రాలేదు.

చికిత్స లేని జబ్బేమీ కాదిది. అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కీగెల్ 1948లోనే కటి కండరాల వ్యాయామాలను వివరించాడు. మూత్రాన్ని ఆపే కండరాలను కొన్ని సెకన్లు బిగించి వదలాలి. రోజుకు మూడు పూటలా పదేసి సార్లు, కనీసం మూడు నెలలు చేస్తే చాలామందికి గుణం కనిపిస్తుంది. పైసా ఖర్చు లేదు. 2023 మార్చి 8న కరీంనగర్‌లో మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో మంగళవారాలు మూత్ర ఇన్ఫెక్షన్లకు, ముట్లుడిగే దశ సమస్యలకు చూసేలా ఏర్పాటు చేశారు. అక్కడికి వచ్చే ప్రతి బీడీ కార్మికురాలినీ దగ్గినప్పుడు చుక్కలు పడుతున్నాయా అని నర్సమ్మే ముందుగా అడగాలి, ఈ వ్యాయామం అక్కడే నేర్పి పంపాలి.